ఏ పేరున వెతకాలి?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరం ఈ సభలో నాకు అప్పజెప్పే పని ఒకటే. డి.ఏ. లెక్కలు, కమ్యుటేషన్ సంగతులు, లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవలసిన తేదీలు చదివి వినిపించడం. ఈసారి కార్యదర్శిగారు "మీకు తోచిన విషయం మాట్లాడండి, ప్రత్యేక సంచికలో వేస్తాం" అన్నారు. ఆ విషయం ఏమిటో ముందుగా అడిగి ఉంటే ఆయన ఏమనేవారో తెలియదు. అడగలేదు కాబట్టి చెబుతున్నాను. అమ్మలు కూర్చున్న సభ, పిల్లలున్న సభ అని నాకు తెలుసు. చెప్పకూడని మాట ఒక్కటీ చెప్పను.

రెండేళ్ళ కిందట దసరా సెలవులకు మా మనుమరాలు వచ్చింది. హైదరాబాదులో సోషియాలజీ ఎం.ఏ. చదువుతోంది. వచ్చిన రెండో రోజే నా పక్కన కూర్చుని, "తాతా, నువ్వు ముప్పై ఆరేండ్లు ఆఫీసులల్ల పనిచేసినవు గదా, నాకు ప్రాజెక్టుకు పాత కాగితాలు కావాలె, ఏడ దొరుకుతయో చెప్పు" అన్నది. ఏ కాగితాలు బిడ్డా అంటే, నిజాం కాలం నుంచి ఇప్పటిదాకా మన తెలంగాణ జిల్లాలలో హిజ్రాల గురించి ప్రభుత్వం, పుస్తకాలు, పత్రికలు ఏమి రాశాయో చూడాలట. వంటింట్లోంచి మా ఇంటావిడ, "ఆడపిల్లకు సదువుకోను ఇంకో సంగతే దొర్కలేదా?" అన్నది. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది. కానీ పిల్ల అడిగింది సంగతి మంచిదా చెడ్డదా అని కాదు, కాగితం ఎక్కడ ఉంటుంది అని. ఆ ప్రశ్నకు జవాబు తెలియదనడానికి గుమాస్తాగా నాకు రోషం వచ్చింది.

జెండర్ అనే మాట ఈ మధ్య అందరి నోటా వినబడుతోంది. మన చిన్నప్పుడు వ్యాకరణంలో లింగము అని చదువుకున్నదే. పుట్టుకతో వచ్చిన శరీరం ఒకటి, మగవాడు ఇట్లా ఉండాలి, ఆడది ఇట్లా ఉండాలి అని లోకం పెట్టిన లెక్క ఇంకొకటి. ఆ రెండో దాన్ని జెండర్ అంటారని మా పిల్ల చెప్పింది. నేను ఆమెకు చిన్నయసూరి బాలవ్యాకరణం చెప్పాను. తెలుగులో పురుషులను చెప్పే మాటలు మహత్తు, పశువులు, రాళ్ళు రప్పలు అమహత్తు. మరి ఆడవాళ్ళో? ఏకవచనంలో అమహత్తు, బహువచనంలో మహత్తు. అందుకే "ఆయన వచ్చాడు" అంటాం, "ఆమె వచ్చింది" అంటాం, "బండి వచ్చింది" అని కూడా అంటాం. పదిమంది ఆడవాళ్ళు కలిసి వస్తేనే "వచ్చారు" అవుతుంది. పిల్ల నవ్వి నవ్వి, ఆ ముక్క నోటుపుస్తకంలో రాసుకున్నది. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఈ పనికి నేను పూర్తిగా పనికిరాకుండా పోలేదన్నమాట.

మొదట దగ్గరలో ఉన్న గ్రంథాలయాలు చూద్దామని బయలుదేరాము. పేరు చెప్పను గానీ ఒకచోట కౌంటరులోని అబ్బాయి నా చీటీ చదివి, గొంతు తగ్గించి, "సార్, ఈ వయసుల మీకెందుకు ఇసొంటివి" అన్నాడు. అటువంటి పుస్తకాలు నాలుగైదు ఉన్నాయట, బీరువాలో పెట్టి తాళం వేశారట, తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడట. మా పిల్ల ముఖం ఎర్రబడింది. నేను ఒకటే అన్నాను: "నాయనా, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాను. ఏ పుస్తకం అడగాలో, ఏది అడగకూడదో ఆ రసీదు మీద రాయలేదు." మరునాడు తాళంచెవి దొరికింది.

ఆ బీరువాలో అంత ప్రమాదకరమైనవేమీ లేవు. చలంగారి 'మైదానం' ఉంది, అది 1927 నాటిది. ఓల్గాగారు కూర్చిన 'నీలి మేఘాలు' కవితా సంకలనం ఉంది, 1993లో వచ్చింది. మాకు కావలసిన పుస్తకం మాత్రం బీరువాలో కాదు, జీవితచరిత్రల వరుసలో అందరికీ కనబడేటట్లే ఉంది. 'ఒక హిజ్రా ఆత్మకథ'. తమిళనాడుకు చెందిన ఎ. రేవతిగారు రాసుకున్నది, పి. సత్యవతిగారు తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. ఇంటికి తెచ్చుకున్న రోజు మా ఇంటావిడ అట్టమీద పేరు చూసి పక్కకు జరిపింది. నాలుగో రోజు మధ్యాహ్నం చూస్తే ఆమె కళ్ళద్దాలు ఆ పుస్తకంలో గుర్తుగా పెట్టి ఉన్నాయి. నేను ఏమీ అడగలేదు, ఆమె ఏమీ చెప్పలేదు.

ఇక్కడ పుస్తకాల అంకెల సంగతి ఒకటి చెప్పాలి, మీ మనుమలు మనుమరాళ్ళకు పనికివస్తుంది. చాలా గ్రంథాలయాలలో పుస్తకాల వెన్నుమీద అంకె వేస్తారు. అది మెల్విల్ డ్యూయీ అనే అమెరికా ఆయన 1876లో పెట్టిన పద్ధతి. ఆ పద్ధతి పాత ముద్రణలలో స్త్రీలకు సంబంధించిన పుస్తకాలన్నిటికీ 396 అనే అంకె ఉండేది. దానికి ముందు అంకె 395, అంటే మర్యాదలు, నడవడికలు. కాస్త అవతల 398, జానపద గాథలు. ఆడవాళ్ళ చదువు, ఓటు, పెళ్ళి, ఆస్తి అన్నీ ఆచారాల గదిలో కూర్చున్నాయి. తరువాతి ముద్రణలలో దాన్ని సమాజశాస్త్రంలోకి మార్చారు, 1979 నాటి 19వ ముద్రణతో అది 305.4 అయింది. లైంగిక విషయాలకు 306.7, అందులో మా పిల్లకు కావలసినది 306.76. కానీ పాత పుస్తకాల అంకెలు ఎవరు మారుస్తారు? వేలకు వేలు. కాబట్టి ఒకే హాలులో కొత్తవి ఒక మూల, పాతవి ఇంకో మూల ఉంటాయి. కంప్యూటరులో కొత్త అంకె కొట్టి "ఏమీ లేవు" అని తిరిగిపోయేవారిని కళ్ళారా చూశాను. అడగవలసింది పాత కార్డుల పెట్టెలు ఎక్కడ పెట్టారని.

అంకె ఒక్కటే కాదు, మాట కూడా పాతదే కావాలి. జెండర్ అని వెతికితే 1990కి ముందు తెలుగులో ఏదీ దొరకదు. స్త్రీ విద్య, స్త్రీ ధర్మము, వేశ్య, దేవదాసి, నపుంసకుడు, ఖోజా, శృంగారము, నీతి, నేరము, వైద్యము. ఆనాటి మనిషి ఈ సంగతిని ఏ పెట్టెలో పడేసి ఉంటాడు అని ఆలోచించాలి. మన రికార్డు రూములో పని చేసినవారికి ఇది కొత్త కాదు. దారి తగాదా ఫైలు కావాలంటే "తగాదా" కింద వెతికితే దొరికేదా? భూమి శిస్తు కట్టలో దొరికేది.

దీనికి మంచి ఉదాహరణ ముద్దుపళని 'రాధికా సాంత్వనము'. తంజావూరులో ప్రతాపసింహ మహారాజు ఆస్థానంలో, 18వ శతాబ్దిలో, ఒక స్త్రీ రాసిన తెలుగు శృంగార ప్రబంధం. వీరేశలింగం పంతులుగారు కవుల చరిత్రలో ఆమె పేరు చెప్పారు గానీ, ఆడది రాయదగని మాటలు రాసిందని మండిపడ్డారు. 19వ శతాబ్దిలో అచ్చయిన ప్రతిలో కవయిత్రి తన సంగతి చెప్పుకున్న అవతారిక లేదు, కొన్ని పద్యాలు కూడా లేవు. బెంగుళూరు నాగరత్నమ్మగారు, అదే తిరువైయారులో త్యాగరాజస్వామి సమాధికి ఆలయం కట్టించిన ఆ అమ్మ, మూల ప్రతి సంపాదించి 1910లో పూర్తిగా అచ్చు వేయించారు. వావిళ్ళవారు ప్రచురించారు. మరుసటి ఏడాదే ప్రభుత్వం బూతు పుస్తకమని ప్రతులు పట్టుకుపోయింది. 1947లో టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు నిషేధం తీసివేశారు. 1952లో వావిళ్ళవారు మళ్ళీ వేశారు. నాగరత్నమ్మగారు కన్నుమూసిందీ ఆ సంవత్సరమే. ఆ తరువాత కె. లలిత, సూసీ తారు గార్లు భారతీయ స్త్రీల రచనలను రెండు పెద్ద సంపుటాలుగా ఇంగ్లీషులో కూర్చినప్పుడు, 1991 నాటి మొదటి సంపుటం పీఠికను ఈ కథతోనే మొదలుపెట్టారు. కాబట్టి పుస్తకం పేరు తెలిస్తే చాలదు, ఏ సంవత్సరం ప్రతి అన్నది చూడాలి. మీ చేతిలో పాత కోతల ప్రతి ఉంటే, ముద్దుపళని తన నాయనమ్మ గురించి చెప్పిన మాటలు అసలు లేవనే అనుకుంటారు.

ఇటువంటివి మన దగ్గరే జరిగాయనుకోకండి. బెర్లిన్‌లో మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ అనే డాక్టరు 1919లో ఈ విషయాల పరిశోధనకే ఒక సంస్థ, దానికో గ్రంథాలయం పెట్టాడు. 1933 మే నెలలో నాజీలు దాన్ని దోచి, పుస్తకాలను నడివీధిలో కాల్చారు. ఆ కాల్చే ఫోటోలు మనం చాలాసార్లు చూసి ఉంటాం. మంటలో ఏ పుస్తకాలున్నాయో నాకు డెబ్బయి దాటిన తరువాత తెలిసింది.

హైదరాబాదు పని పెద్దది. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, మన పెద్దలు అసఫియా అనేవారు, 1891లో పుట్టింది. ఇప్పటి భవనం 1936 నుంచి. పాత తెలుగు పత్రికలు, ఉర్దూ పుస్తకాలు అక్కడ చూడాలి. 1985లో మొదలైన అన్వేషి మహిళా పరిశోధన కేంద్రానికి సొంత గ్రంథాలయం ఉంది. అక్కడ చీటీ చూసి ఎవరూ గొంతు తగ్గించలేదు. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, ఫార్సీ, ఉర్దూ దస్తావేజుల సముద్రం. మా నాయన ఉర్దూలో చదువుకున్నవాడు, ఆయన దగ్గర నేర్చిన అక్షరాలు ఇన్నాళ్ళకు మనుమరాలికి పనికివచ్చాయి. పిల్లలు గుర్తు పెట్టుకోవలసిన సంగతి ఇంకొకటి. మన జహీరాబాదు తాలూకా 1956 దాకా బీదరు జిల్లాలో ఉండేది, తరువాత మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. మన ఊరి పాత కాగితం కావాలంటే మెదక్ కట్టలో వెతికి లాభం లేదు, బీదరు పేరున చూడాలి. ఫసలీ సంవత్సరం కనబడితే 590 కలుపుకోవాలి.

ఆ ఫసలీ లెక్కతోనే మాకు అసలు కాగితం దొరికింది. 1329 ఫసలీ, అంటే 1919. ఆ ఏట నిజాం ప్రభుత్వం నపుంసకుల చట్టం ఒకటి చేసింది. ఇది కూడా ఒక్క పేరుతో దొరకదు. 1956 తరువాత ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ఏరియా) అని తగిలించారు, 2014 తరువాత తెలంగాణ చట్టం అన్నారు. ఒక వకీలుగారి బీరువాలో పాత కోడ్ సంపుటంలో చదివాము. హైదరాబాదు నగరంలో, ఇంకా సర్కారు చెప్పిన చోట్ల, పిల్లలను ఎత్తుకుపోతారనో అసహజ నేరాలు చేస్తారనో అనుమానం ఉన్నవారి పేరు, నివాసం ఒక రిజిస్టరులో ఎక్కించాలి. ఆ రిజిస్టరులో ఉన్న మనిషి ఆడవేషంతో, నగలతో వీధిలో కనబడితే, లేదా నలుగురిలో ఆడితే, పాడితే, వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ళదాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఈ చట్టం నేను నౌకరీలో చేరిననాడు ఉంది, రిటైరైననాడు ఉంది. కొందరు 2018లో హైకోర్టుకు పోతే, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. నూట నాలుగేళ్ళు. ఆ తీర్పులోనే ట్రాన్స్‌జెండర్ వారికి ఆసరా పెన్షను ఇవ్వాలని కూడా ఆదేశం ఉంది. పెన్షను దయాదాక్షిణ్యం కాదని 1982 డిసెంబరు 17న నకారా కేసులో చెప్పించుకున్నవాళ్ళం, ఆ తేదీనే పండుగ చేసుకుంటున్నవాళ్ళం మనం. మనలో ఎంతమందికి ఈ 2023 తీర్పు తెలుసు? నాకూ మనుమరాలు చెబితేనే తెలిసింది.

కోడ్ సంపుటం మూసిన తరువాత ఆమె అడిగింది: "తాతా, గీళ్ళు మీ ఆఫీసుకు ఎప్పుడన్న వచ్చిన్రా? దరఖాస్తు ఏమన్న పెట్టిన్రా? రికార్డుల ఉంటదా?"

ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేదు. రెండు రోజులు పట్టింది.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. కార్డుల కోసం జనం ఎట్లా విరుచుకుపడ్డారో మీరందరూ చూశారు. మరుసటి ఏడు అనుకుంటాను, నేను పనిచేస్తున్నచోటికి ఒక మనిషి వచ్చింది. ఇప్పుడు వచ్చింది అంటున్నాను. అప్పుడు మేమంతా వచ్చాడు అనే అన్నాం, అదీ నవ్వుకుంటూ. చీర కట్టుకుని, జుట్టు ముడివేసుకుని, దరఖాస్తు ఎవరిచేతనో శుభ్రంగా రాయించుకుని తెచ్చింది. నమూనాలో పురుషుడు, స్త్రీ అని రెండు గడులు. రెండూ ఖాళీగా ఉన్నాయి. నింపుకుని రమ్మన్నాను. రెండోసారి స్త్రీ అని నింపి తెచ్చింది. ఇది తప్పుడు సమాచారం అన్నాను. మూడోసారి పురుషుడు అని నింపింది. చీర కట్టుకుని పురుషుడంటే పై అధికారి నన్ను అడుగుతాడని తిరిగి ఇచ్చేశాను. అప్పుడు ఆమె, "సారూ, ఏ గడిలనన్న రాయుండ్రి. రాయకుంటె నేను లేనట్టే గద" అన్నది. రేపు రమ్మన్నాను. మళ్ళీ రాలేదు.

నన్ను అట్లా చేయమని ఎవరూ చెప్పలేదు. పై అధికారి అడిగి ఉండేవాడే కాదేమో. కాగితం మీద "తిరస్కరించడమైనది" అని రాసినా సరిపోయేది. దానికి ఇన్‌వార్డు నంబరు పడేది, కారణం రాయవలసి వచ్చేది, ఆ కాగితం ఏదో ఒక కట్టలో ఉండేది. నేను నంబరు వేయకుండా మూడుసార్లూ చేతికి తిరిగి ఇచ్చాను. ఆ రోజుల్లో అది తెలివైన పని. పెండింగు పెరగదు. అందువల్ల మా మనుమరాలు ఏ ఆర్కైవ్స్‌లో వెతికినా ఆ కాగితం దొరకదు. వీరిని పట్టుకోవడానికి చట్టంలో రిజిస్టరు ఉంది, బియ్యం ఇవ్వడానికి నమూనాలో గడి లేదు. ఆ గడి సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్‌లో చెప్పిన తరువాత వచ్చింది. జనాభా లెక్కలలో 2011లో మొదటిసారి "ఇతరులు" అని వేస్తే దేశంలో సుమారు 4 లక్షల 88 వేలమంది తేలారు, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43 వేల పైచిలుకు. చెప్పుకోవడానికి వెనుకాడినవారు వేరే ఉంటారు.

రెండు రోజుల తరువాత ఇది మొత్తం పిల్లకు చెప్పాను. ఆమె నన్ను ఏమీ అనలేదు. ఫోనులో రికార్డు చేసుకోవచ్చా అని అడిగింది. 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం అట్లా తయారైందట. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరకు స్త్రీశక్తి సంఘటన వారు పోయి, కాగితం మీద లేనిదాన్ని నోటిద్వారా రాసుకున్నారు. మన పక్కన మాచనూరులో సంఘం రేడియో 2008 నుంచి నడిచింది, దళిత మహిళలే నడిపారు. మైకు ముందు కూర్చుని తమ విత్తనం, తమ పండుగ, తమ బతుకు తామే చెప్పుకున్నారు. చదువుకున్న నేను రాయకుండా వదిలేసినది ఎంతో, చదువురాని వారు నిలిపినది ఎంతో, లెక్క మీరే చూడండి.

మా పిల్ల ప్రాజెక్టు మొన్న జూన్‌లో పూర్తయింది. అందులో ఒక పేరా నాది. "రిటైర్డు గుమాస్తా ఒకరు చెప్పినది" అని రాసి, పేరు వేయనా వద్దా తాతా అని అడిగింది. వేయమన్నాను. మా ఇంటావిడ కూడా వేయమన్నది. పేరా కింద ఆమె ఒక పట్టిక వేసింది. తేదీ: తెలియదు. దరఖాస్తు నంబరు: లేదు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను. మీలో చాలామంది ఇళ్ళలో అటకల మీద పాత పత్రికల కట్టలుంటాయి. మీ అమ్మలు, అత్తలు చదివిన గృహలక్ష్మి సంచికలు, ఉత్తరాలు, డైరీలు, పాత సర్క్యులర్లు, నిజాం కాలపు ఉర్దూ గెజిట్లు. దయచేసి కిలోల లెక్కన అమ్మవద్దు. అమ్మేముందు ఒకసారి నాకు చెప్పండి. పనికివచ్చేవి చూసి, ఏ గ్రంథాలయం తీసుకుంటుందో కనుక్కుని, మీ పేరుమీదనే రసీదు తెచ్చి ఇస్తాను. ఇట్లాగే తిప్పిపంపిన దరఖాస్తు ఎవరికైనా గుర్తుంటే అది కూడా చెప్పండి, మా పిల్ల రాసుకుంటుంది. పేరు వేయవద్దంటే వేయదు. నా ఇల్లు కార్యదర్శిగారికి తెలుసు. మోయలేనివారు ఫోను చేస్తే నేనే వస్తాను. స్కూటరు ఇంకా నడుపుతున్నాను.

లైఫ్ సర్టిఫికెట్ సంగతి ఈసారి వేరొకరు చదువుతారు. సెలవు.